జాన్ హెర్షెల్ ఉత్తరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విక్టోరియా కాలపు ఖగోళ శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్ ఉత్తరాల మాట ఎత్తినప్పుడల్లా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక్క మనవి మాత్రం ముందే చేస్తాను. శాస్త్రవేత్తలకు రాసినవే అసలు ఉత్తరాలనీ, ఇంట్లోవాళ్లకు రాసినవి క్షేమ సమాచారాలేననీ అనుకుని చాలామంది రెండో రకాన్ని దాటేస్తుంటారు. ఈ కుటుంబం విషయంలో అలా చేస్తే సగం ఖగోళ శాస్త్రం చేజారిపోతుంది.

## మొదలుపెట్టే ముందు

హెర్షెల్ అంటే యురేనస్‌ను కనిపెట్టినాయనే కదా?

కాదు, అది తండ్రి విలియం హెర్షెల్. 1781లో యురేనస్‌ను కనిపెట్టింది ఆయన. జాన్ ఆయన ఒక్కగానొక్క కొడుకు. 1792 మార్చి 7న ఇంగ్లండ్‌లోని స్లౌలో పుట్టి, 1871 మే 11న కెంట్‌లోని తన ఇల్లు కాలింగ్‌వుడ్‌లో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటన్ సమాధికి దగ్గర్లోనే ఖననం చేశారు. తండ్రి ఉత్తరార్ధ గోళపు ఆకాశాన్ని గాలిస్తే, కొడుకు దక్షిణపు ఆకాశం కోసం ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు వెళ్లి, 1834 నుంచి 1838 వరకు అక్కడే ఉన్నారు. మేనత్త కెరొలిన్ హెర్షెల్ కూడా పేరున్న ఖగోళ శాస్త్రవేత్తే. ఒకే ఇంట్లో ముగ్గురు కాబట్టి, ‘హెర్షెల్ ఉత్తరం’ అని ఎక్కడ కనిపించినా ఎవరు ఎవరికి రాశారో, ఏ ఏడాదిదో ముందు చూసుకోండి.

మొత్తం ఎన్ని ఉత్తరాలున్నాయి? అన్నీ చదవాలా?

ఆయన రాసినవీ ఆయనకు వచ్చినవీ కలిపి 14,800కు పైగా ఉత్తరాల సారాంశాలతో 1998లో ఒక సూచిక అచ్చయింది. అన్నీ చదవాల్సిన పని లేదు. మీకు ఇష్టమైన ఒక వ్యక్తినో, ఒక సంఘటననో పట్టుకుని ఆ ఒక్క దారం వెంట వెళ్లండి. మేనత్తతో నడిచినవి, గణిత శాస్త్రవేత్త బాబేజ్‌తో నడిచినవి, 1839 నాటి ఫొటోగ్రఫీ ఉత్తరాలు... ఇలా ఏదో ఒకటి. అకారాది క్రమంలో మొదటి పేరు నుంచి మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ దూరం వెళ్లలేరు.

నాకు లెక్కలు రావు. అర్థమవుతాయా?

కొన్ని అర్థం కావు. అవి వదిలేయండి, ఏమీ కాదు. జంట నక్షత్రాల కక్ష్యల గురించి రాసిన ఉత్తరాలకు గణితం కావాలి. కేప్ నుంచి మేనత్తకు రాసిన ఉత్తరానికి మాత్రం వృశ్చిక రాశి ఎలా ఉంటుందో తెలిస్తే చాలు.

అసలు కాగితాలు ఎక్కడున్నాయి? ఇక్కడి నుంచి చూసే వీలుందా?

పెద్ద భాగం లండన్‌లోని రాయల్ సొసైటీలో, మరో పెద్ద భాగం అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయపు హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో ఉన్నాయి. మిగిలినవి అనేక చోట్ల చెదిరిపోయాయి. ఆన్‌లైన్‌లో అయితే 19వ శతాబ్దపు శాస్త్రవేత్తల ఉత్తరాలను ఒకచోట చేర్చిన ‘ఎప్సిలాన్’తో మొదలుపెట్టండి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం నడిపే ఆ సైట్‌లో పేరుతోనూ తేదీతోనూ వెతకొచ్చు. కెరొలిన్ ఉత్తరాలకైతే 1876లో అచ్చయిన సంపుటం ఉంది. కాపీరైట్ గడువు తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని కూర్చింది జాన్ కోడలు మేరీ. ఇంటి మనిషి ఏరి కూర్చిన ఉత్తరాలని గుర్తుంచుకుని చదవండి. విక్టోరియా కాలపు కుటుంబాలు అన్నీ అచ్చుకి ఇచ్చేవి కావు.

## చదవడం మొదలుపెట్టాక

కొన్ని పాత ఉత్తరాల్లో రాసిన దాని మీదే అడ్డంగా మళ్లీ రాసి ఉంటుంది. ఎందుకలా?

పోస్టు ఖర్చు తగ్గించుకోవడానికి. 1840కి ముందు బ్రిటన్‌లో ఎన్ని కాగితాలు, ఎంత దూరం అన్న లెక్కన రుసుము వేసేవారు. దాన్ని చాలావరకు ఉత్తరం అందుకున్నవాళ్లే కట్టేవారు. రెండో కాగితం జత చేస్తే ఛార్జీ రెట్టింపు. అందుకే పేజీ నిండగానే కాగితాన్ని పక్కకు తిప్పి, అవే వరుసల మీద అడ్డంగా రాసేవారు. 1840 జనవరిలో దూరంతో పనిలేకుండా ఒక్క పెన్నీ రేటు వచ్చింది. ఆ మే నెలలో స్టాంపు వచ్చింది. అక్కడి నుంచి ఊరికే రెండు ముక్కలు రాసి పంపే చిన్న చీటీలు పెరిగాయి. అలాంటి పేజీ చదవాలంటే, ముందు ఒక దిక్కు వరుసలన్నీ పూర్తిచేసి ఆ తర్వాతే కాగితం తిప్పండి.

కేప్ నుంచి రాసిన ఉత్తరాలు చదువుతుంటే ప్రశ్నకీ జవాబుకీ పొంతన కుదరడం లేదు. ఏం చేయాలి?

తేదీలు రెండు వరుసలుగా రాసుకోండి, రాసిన రోజు ఒకటి, అందిన రోజు ఒకటి. హెర్షెల్ కుటుంబం 1833 నవంబరు 13న పోర్ట్స్‌మత్‌లో ఓడ ఎక్కితే జనవరి నడిమికి కేప్ చేరింది. రెండు నెలలు. ఉత్తరాలూ ఓడల్లోనే కదా, గాలి బాగుంటే ఓ లెక్క, లేకపోతే ఓ లెక్క. ప్రశ్న వెళ్లి జవాబు వచ్చేసరికి అర్ధ సంవత్సరం మామూలే. ఈలోగా ఇంకో రెండు ఉత్తరాలు ఎదురు ప్రయాణంలో ఉంటాయి. అందుకే ఒక ఉత్తరంలోని కోపానికి తర్వాతి ఉత్తరంలో జవాబు కనపడకపోతే, పట్టించుకోలేదని అనుకోకండి. అది ఇంకా సముద్రం మీదే ఉండి ఉండొచ్చు.

## ఇంటి ఉత్తరాలు

మేనత్త కెరొలిన్ ఉత్తరాల్లో అంత విశేషం ఏముంది?

ఈ మొత్తం సేకరణలో ఒక్కటే చదవమంటే నేను చెప్పేది ఇదే. కెరొలిన్ 1750లో పుట్టారు. అన్న విలియం పక్కన ఏళ్ల తరబడి రాత్రిళ్లు కూర్చుని ఆయన చూసింది చూసినట్టు రాసుకున్నారు. సొంతంగా 8 తోకచుక్కలు కనిపెట్టారు. 1822లో అన్న పోయాక పుట్టిన ఊరు హానోవర్‌కు తిరిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత పాతికేళ్లపాటు మేనల్లుడితో ఆమె బంధమంతా చాలావరకు ఉత్తరాల్లోనే నడిచింది.

1833 ఆగస్టులో, జాన్ ఇంకా ఓడ ఎక్కకముందే, 83 ఏళ్ల ఆ పెద్దావిడ ఒక మాట రాశారు. నీ టెలిస్కోప్ సర్దుకోగానే వృశ్చికం కింది భాగం చూడు, అక్కడేదో విశేషం ఉంది అని. ఇంగ్లండ్ నుంచి చూస్తే వృశ్చికం దిగంతానికి అంటుకుని ఉంటుంది, సరిగా కనపడదు. కేప్ నుంచైతే నడినెత్తికి వస్తుంది. 1834 జూన్‌లో జాన్ జవాబు రాశారు. అత్తయ్య మాట మరిచిపోలేదని, ఆ రాశి మూలమూలలా వెతుకుతున్నానని, అందమైన గోళాకార నక్షత్ర గుచ్ఛాలు బోలెడు ఉన్నాయని. ఎవరైనా సంతోషించాల్సిన జవాబే. కెరొలిన్‌కి మాత్రం తృప్తి కలగలేదు. సెప్టెంబరులో తిరిగి రాశారు. నేను చూడమన్నది గుచ్ఛాలు కాదు, మీ నాన్న ఒకసారి చాలాసేపు మాట్లాడకుండా ఉండిపోయి, తర్వాత ‘ఇక్కడ నిజంగానే ఆకాశంలో చిల్లు ఉంది!’ అన్నారు, అది వెతుకు అని. 1835 ఫిబ్రవరిలో జాన్ ఒప్పుకున్నారు. ఆ ప్రాంతం అంతా గాలించానని, చిన్న చుక్క కూడా లేని ఖాళీ జాగాలు తన పుస్తకంలో చాలా నమోదయ్యాయని.

ఒక సందేహం తీరడానికి ఏడాదిన్నర. ఇంతకీ అది చిల్లు కాదు. నక్షత్రాల ముందు పరుచుకున్న దట్టమైన ధూళి మేఘం వెలుగుని అడ్డుకోవడం వల్ల అలా కనిపిస్తుంది. ఈ సంగతి తేలింది 20వ శతాబ్దంలో. ఎప్పుడో అన్న నోటి నుంచి వచ్చిన ఒక్క కేకను అర్ధ శతాబ్దం గుర్తుపెట్టుకుని, మేనల్లుడు దారి తప్పితే మళ్లీ అక్కడికే తీసుకొచ్చారు చూడండి, దాన్ని ‘ఇంటి ఉత్తరం’ అని పక్కన పెట్టడం నా వల్ల కాదు. మన ఊళ్ల నుంచి ఎండాకాలం చివర్లో రాత్రిపూట దక్షిణాన వృశ్చికం బాగా కనిపిస్తుంది. ఎర్రటి జ్యేష్ఠా నక్షత్రం గుర్తుపడితే, ఆ పరిసరాల గురించే ఈ ఉత్తరాలు.

కెరొలిన్ సాయం చేసిందే తప్ప సొంతంగా చేసింది తక్కువ అంటారు. నిజమా?

ఉత్తరాలు చదివితే ఆ మాట అనలేరు. హానోవర్ వెళ్లాక 70 ఏళ్లు దాటిన వయసులో, అన్న చూసిన సుమారు 2,500 నెబ్యులాలను, అంటే మబ్బు మరకల్లా కనిపించేవాటిని, ఆకాశంలో పట్టీలవారీగా తిరిగి అమర్చి మేనల్లుడికి పంపారు. రాత్రి టెలిస్కోప్ ముందు కూర్చున్నప్పుడు ఏది ఎప్పుడు దృష్టిలోకి వస్తుందో తెలిసేలా పెట్టిన పట్టిక అది. అది లేకపోతే తండ్రి పరిశీలనలను జాన్ అంత త్వరగా సరిచూసేవారు కాదు. దానికే లండన్ ఖగోళ సంఘం 1828లో ఆమెకు బంగారు పతకం ఇచ్చింది. 1835లో మరో శాస్త్రవేత్త మేరీ సోమర్‌విల్‌తో పాటు గౌరవ సభ్యత్వమూ ఇచ్చింది. ఆమె తన గురించి తాను తక్కువ చేసుకుని రాస్తారు. ఆ మాటల్ని ఉన్నవున్నట్టు తీసుకోకండి, అంతా అన్నగారి గొప్పే అనడం ఆమెకు జీవితాంతం అలవాటు.

ఆమె మనిషి ఎలా ఉండేవారో ఉత్తరాల్లో తెలుస్తుందా?

బాగా తెలుస్తుంది. 1832 జూన్‌లో జాన్ హానోవర్ వెళ్లి, అక్కడి నుంచి భార్య మార్గరెట్‌కు రాసిన ఉత్తరం చూడండి. అప్పటికి కెరొలిన్‌కి 82 ఏళ్లు. ఊరంతా తనతో పాటు తిరుగుతున్నారని, రెండంతస్తుల మెట్లు గంతులేస్తూ ఎక్కుతున్నారని రాశారు. పొద్దున పదకొండు పన్నెండు దాకా నీరసంగా ఉండి, పొద్దెక్కే కొద్దీ హుషారు పుంజుకుని, రాత్రి పది పదకొండుకు పాత పాటలు పాడుతూ, అడుగులు కూడా వేస్తారట. జీవితమంతా రాత్రి మెలకువగా ఉండి పని చేసిన మనిషి ఒళ్లు ఆ వేళలు మరిచిపోలేదన్నమాట.

భార్య మార్గరెట్ ఉత్తరాలు చదవదగినవేనా?

తప్పకుండా. 1829లో పెళ్లయింది, పన్నెండు మంది పిల్లలు, అందులో ముగ్గురు కేప్‌లోనే పుట్టారు. ఆమె అక్కడి నుంచి పుట్టింటికి రాసిన ఉత్తరాల్లో ఇల్లు, తోట, అక్కడి పూలు, వచ్చిపోయే అతిథులు అన్నీ ఉంటాయి. జాన్ ఫలితాలు రాస్తే, ఆ ఫలితాలు వచ్చిన రోజులు ఎలా గడిచాయో ఆమె రాశారు.

చంద్రుడి మీద రెక్కల మనుషుల్ని చూశానని హెర్షెల్ ఏదైనా ఉత్తరంలో రాశారా?

లేదు. 1835 ఆగస్టులో న్యూయార్క్ పత్రిక ‘సన్’ అల్లిన కట్టుకథ అది. ఆయన కేప్‌లో ఉన్నారని, వెంటనే ఖండించే వీలు లేదని తెలిసే ఆయన పేరు వాడుకున్నారు. 1837 జనవరిలో మేనత్తకు రాసిన ఉత్తరంలో ఆయన విసుగు కనిపిస్తుంది. ఇంగ్లిషు, ఫ్రెంచి, ఇటాలియన్, జర్మన్, ఇన్ని భాషల్లో అందరూ ఆ చంద్రుడి బూటకం గురించే అడిగి ప్రాణం తీస్తున్నారని రాశారు. ఇప్పటి ఫేక్ న్యూస్ టెన్షన్ ఆయనకు అప్పుడే అనుభవమైంది.

## తోటి శాస్త్రవేత్తల ఉత్తరాలు

బాబేజ్‌కీ ఆయనకీ స్నేహం ఎలాంటిది?

కేంబ్రిడ్జ్‌లో చదువుకునే రోజుల నుంచి ప్రాణ స్నేహం. 1812లో ఇద్దరూ మరికొందరితో కలిసి గణితం కోసం ఒక సంఘం పెట్టారు. బాబేజ్ తన పెద్దకొడుక్కి బెంజమిన్ హెర్షెల్ బాబేజ్ అని పేరు పెట్టుకున్నారు. 1821లో ఇద్దరూ కూర్చుని ఖగోళ పట్టికల్లో తప్పులు సరిచూస్తూ ఉంటే, ఈ లెక్కలు ఆవిరితో నడిస్తే ఎంత బాగుండేదో అని బాబేజ్‌కి అనిపించింది. ఆయన లెక్కల యంత్రం కథ అక్కడే మొదలైంది. కుర్రతనపు ఉత్తరాల్లోని చనువు చదవడానికి చాలా బాగుంటుంది.

డార్విన్ మీద హెర్షెల్ ఉత్తరం ప్రభావం ఉందంటారు. ఏ ఉత్తరం?

అది డార్విన్‌కు రాసింది కాదు. కేప్ నుంచి 1836 ఫిబ్రవరి 20న భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయల్‌కు రాసింది. నశించిన జీవజాతుల స్థానంలో కొత్తవి ఎలా వస్తాయన్నది ‘రహస్యాలన్నిటిలోకీ రహస్యం’ అని, దానికీ సహజమైన కారణాలే ఉండి ఉంటాయని అందులో రాశారు. పోగుపడిన మట్టి బరువుకి భూమి పైపొర కుంగడం గురించి కూడా ఆలోచించారు. 1837లో బాబేజ్ తన పుస్తకంలో ఆ ఉత్తరంలోని భాగాలు అచ్చు వేశారు. డార్విన్ చదివి 1838లో తన నోటుబుక్కులో ఉత్సాహంగా రాసుకున్నారు. జీవజాతుల పుట్టుక గురించి 1859లో వచ్చిన తన గ్రంథం మొదటి పేరాలోనే ఆ మాట వాడారు, రాసినాయన పేరు చెప్పకుండా ‘మన గొప్ప తాత్వికుల్లో ఒకరు’ అని. ఈ ఉత్తరం రాసిన నాలుగు నెలలకు, 1836 జూన్‌లో, ఓడ ప్రయాణంలో ఉన్న డార్విన్ కేప్‌లో హెర్షెల్‌ను కలిశారు కూడా. తీరా గ్రంథం వచ్చాక హెర్షెల్‌కి అది నచ్చలేదు. గందరగోళపు సూత్రం అన్నారని విని డార్విన్ బాధపడ్డారు.

ఫొటోగ్రఫీలో ఖగోళ శాస్త్రవేత్తకు ఏం పని?

1839 జనవరిలో పారిస్ నుంచి డగేర్ ఫొటో తీసే పద్ధతి సంగతి బయటికొచ్చింది. అదే పనిలో ఉన్న స్నేహితుడు టాల్బాట్ నెలాఖరులో హెర్షెల్‌కు ఉత్తరం రాశారు. అప్పటికి బొమ్మ కాగితం మీద పడుతోంది కానీ వెలుతురు తగిలితే నల్లబడిపోతోంది. హెర్షెల్ రసాయన శాస్త్రం బాగా తెలిసిన మనిషి. వెండి లవణాలను కరిగించే ‘హైపో’ గుణాన్ని ఆయనే 1819లో గమనించి ఉన్నారు. వారం తిరగకుండా దాంతో బొమ్మను నిలబెట్టి, ఫిబ్రవరి 1న స్లౌకి వచ్చిన టాల్బాట్‌కు ఎలా చేశారో చెప్పేశారు, పేటెంట్ అనే మాటే లేకుండా. మన ఊళ్ల స్టూడియోల్లో డార్క్‌రూములు ఉన్నన్నాళ్లు ట్రేల్లో పోసిన హైపో ఇదే. ఈ పని జరిగిన తీరు పుస్తకాల కన్నా ఆ రెండు నెలల ఉత్తరాల్లో ఎక్కువ స్పష్టంగా ఉంటుంది.

నెప్ట్యూన్ గొడవలో హెర్షెల్ పాత్ర ఏమిటి?

1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో ఖగోళ శాస్త్రవేత్త గాలెకు ఫ్రాన్స్ నుంచి, గ్రహం ఎక్కడుండాలో లెక్కకట్టిన లవెరియే ఉత్తరం అందింది. ఫలానా చోట చూడమని అందులో ఉంది. ఆ రాత్రే చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే కొత్త గ్రహం దొరికింది. అదే లెక్క ఇంగ్లండ్‌లో యువకుడు ఆడమ్స్ ముందే చేశాడని హెర్షెల్‌కు తెలుసు. అక్టోబరు మొదట్లో ఆ సంగతి ఒక పత్రికకు ఉత్తరంగా రాశారు. ఫ్రెంచివాళ్లకు ఒళ్లు మండింది, లవెరియే నొచ్చుకున్నారు. హెర్షెల్ ఉద్దేశం కుర్రాడికి న్యాయం చేయడమే అని నా అభిప్రాయం, కానీ సమయం మాత్రం బాగా లేదు. ఆ రోజుల్లోనే ఆయన రాసిన మరో ఉత్తరం మంచి ఫలితం ఇచ్చింది. కొత్త గ్రహానికి ఉపగ్రహాలున్నాయేమో చూడమని లివర్‌పూల్‌లో బీరు తయారుచేసే వ్యాపారం నడుపుతూ టెలిస్కోపులు చేసుకునే లాసెల్‌కు రాశారు. అక్టోబరు 10న లాసెల్‌కి ట్రైటన్ అనే ఉపగ్రహం కనిపించింది.

## ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే

ఇండియాతో, మన తెలుగు ప్రాంతంతో ఈ కుటుంబానికి సంబంధం ఉందా?

ఉంది, కొడుకుల ద్వారా. పెద్దకొడుకు విలియం జేమ్స్ బెంగాల్‌లో అధికారిగా పనిచేస్తూ 1858లో ఒక కాంట్రాక్టు కాగితం మీద రాజ్యధర్ కోనాయ్ చేతి ముద్ర వేయించారు. వేలిముద్రల చరిత్రలో అది తొలి అడుగుల్లో ఒకటి. కేప్‌లో పుట్టిన ఇంకో కొడుకు, ఆయన పేరూ జానే, ఇండియా సర్వేలో ఇంజనీరు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఇప్పటి కర్ణాటకలోని జమ్‌ఖండి నుంచి చూశారు. అదే గ్రహణానికి గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, బ్రిటిష్ అధికారి టెన్నంట్, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్, వనపర్తిలో ఆ అబ్జర్వేటరీలోనే పనిచేసే చింతామణి రఘునాథాచారి ఉన్నారు. సూర్యుడి జ్వాలల్ని గ్రహణం లేకుండానే చూడొచ్చని జాన్సెన్ ఇక్కడే కనిపెట్టి, కాకినాడ నుంచి పారిస్‌కు ఉత్తరం రాశారు. ఇంగ్లండ్‌లో ఖగోళ శాస్త్రవేత్త లాక్యర్ విడిగా అదే పద్ధతి కనిపెట్టారు. ఇద్దరి కబుర్లనూ పారిస్ అకాడమీ అక్టోబరు 26న ఒకే సమావేశంలో విన్నది.

ఆ కాలపు ఉత్తరాలేవైనా పోయాయా?

చాలా. అందరూ చెప్పుకునేది గ్రీనిచ్ అబ్జర్వేటరీలోని నెప్ట్యూన్ ఫైలు. ఆ గ్రహం కోసం నడిచిన ఉత్తరాలన్నీ ఉన్న ఆ కట్ట 1960లలో కనపడకుండా పోయింది. 1998లో ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ ఎగెన్ చనిపోయాక చిలీలో ఆయన సామానులో దొరికింది. మూడు దశాబ్దాలపాటు పరిశోధకులు అసలు కాగితాలు చూడకుండానే ఆ చరిత్ర రాయాల్సి వచ్చింది.

తెలుగులోకి అనువదించాలంటే ఎవరి అనుమతి కావాలి?

1876 సంపుటంలో ఉన్నవాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కాపీరైట్ తీరిపోయింది. ఇటీవలి సంపాదకులు రాసిన పరిచయాలకు, అడుగున వివరణలకు మాత్రం హక్కులు ఉంటాయి. ఇప్పటిదాకా అచ్చుకాని చేతిరాత ప్రతులైతే, అవి ఉన్న సంస్థకు ముందే రాసి అడగండి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలంటే, వృశ్చికం గురించి అత్తా మేనల్లుడూ రాసుకున్న ఆ నాలుగు ఉత్తరాలు చేయండి. చిన్నవి, లెక్కలు లేనివి, హైస్కూలు పిల్లలు కూడా చదువుకోగలిగినవి.